సీజన్ పోతే అందరికీ ఒకేలా పోదు



పోయిన వారం ఇక్కడ స్పోర్ట్స్ కోటా మీద పెద్ద చర్చే నడిచింది. అందులో ఒక అన్న ఒక మాట రాశారు. "టాలెంట్ ఉన్నోడు ఎలాగైనా బయటికొస్తాడు, ఒక్క ఏడాది ఆటలు లేకపోతే ఏమైపోద్ది?" అని. ఆ అన్న ధైర్యం చెప్పడానికే అన్నారని మాకు తెలుసు. కానీ రెండు రోజులు ఆ మాట మా రూమ్‌లో తిరుగుతూనే ఉంది. నిజమేనా? ఒక ఏడాది పోతే నిజంగా ఏమీ కాదా?

దీన్ని తేల్చుకోవడానికి మాకు దొరికిన ఉదాహరణ చాలా దూరంలో ఉంది. అమెరికాలో. మా రూమ్‌లో ఒకడికి అక్కడి ఫుట్‌బాల్ వీడియోల పిచ్చి. మొదట్లో మేము నవ్వేవాళ్ళం, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకోవడం ఏం ఆటరా అని. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ ఆడేది. కూర్చుని చూడగా చూడగా ఆటకంటే ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి మాకు ఆసక్తి అనిపించింది. 2020లో కరోనా వల్ల అక్కడి కాలేజీ సీజన్ చెల్లాచెదురైంది. అయినా 2021 ఏప్రిల్‌లో ఎంపిక మాత్రం ఆగలేదు. ఆడనివాళ్ళని, సగం ఆడినవాళ్ళని, బాగా ఆడినవాళ్ళని అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఎంచుకున్నారు. ఎవరికి లాభమైంది, ఎవరికి నష్టమైంది అన్నది పేర్లతో, నంబర్లతో రికార్డులో ఉంది. అందుకే ఈ పోస్టు.

ముందు పద్ధతి చెప్తాం, ఓపిగ్గా చదవండి.

అక్కడ ప్రొఫెషనల్ లీగు పేరు ఎన్ఎఫ్ఎల్. 32 జట్లు. ఐపీఎల్‌లో లాగా వేలం పాట ఉండదు. ప్రతి ఏడాది ఏప్రిల్ ప్రాంతంలో డ్రాఫ్ట్ అని పెడతారు. పోయిన సీజన్లో అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకు మొదటి అవకాశం, ఛాంపియన్‌కు చివరి అవకాశం. అలా ఏడు రౌండ్లు. 2021లో మొత్తం 259 మందిని తీసుకున్నారు. ఎన్నో నంబరులో పిలిచారు అన్నదాన్ని బట్టే నాలుగేళ్ల కాంట్రాక్టు డబ్బు దాదాపు ఖాయమవుతుంది. ఆ ఏడాది మొదటి నంబరు ట్రెవర్ లారెన్స్‌కు సుమారు 3 కోట్ల 68 లక్షల డాలర్లు. చివరి నంబర్ల వాళ్ళకు అందులో పదో వంతు అటూ ఇటుగా, అదీ జట్టులో నిలబడితేనే. కాబట్టి ఒక రౌండు కిందికి జారడమంటే ఒక కుటుంబం తలరాత జారడమే.

ఈ డ్రాఫ్ట్‌కు ఆటగాళ్లు దాదాపు అందరూ వచ్చేది కాలేజీల నుంచే. స్కూలు అయ్యాక మూడేళ్లు గడవనిదే డ్రాఫ్ట్‌కు అర్హత లేదు. అప్పట్లో కాలేజీలో ఆడినన్నాళ్లు స్కాలర్‌షిప్ తప్ప జీతం ఉండేది కాదు. తన పేరు, ఫోటో మీద సంపాదించుకునే వీలు కూడా 2021 జులై దాకా ఇవ్వలేదు. అంటే కాలేజీ సీజన్ అంటే వాళ్ళకు ఇంటర్వ్యూ. శనివారం ఒక ఇంటర్వ్యూ, మళ్ళీ శనివారం ఇంకో ఇంటర్వ్యూ. ఆ ఇంటర్వ్యూలకు కూర్చునేవాళ్ళు వేలమంది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ లెక్క ప్రకారమే, డ్రాఫ్ట్‌కు అర్హత ఉన్న వందమందిలో ఇద్దరు కూడా ఎంపిక కారు.

ఇక 2020కి వద్దాం. ఆగస్టు 11న బిగ్ టెన్, పాక్ ట్వెల్వ్ అనే రెండు పెద్ద కాన్ఫరెన్సులు సీజన్ వాయిదా వేశాయి. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి. ఇంకొన్ని పెద్ద కాన్ఫరెన్సులు మాత్రం ఆడతాం అన్నాయి. ఆటగాళ్లు ఊరుకోలేదు. ఓహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ మా సీజన్ మాకివ్వండి అని పిటిషన్ పెడితే మూడు లక్షల మందికి పైగా సంతకం చేశారు. సెప్టెంబరులో ఆ రెండు కాన్ఫరెన్సులూ మాట మార్చుకున్నాయి. బిగ్ టెన్ అక్టోబరు చివర్లో, పాక్ ట్వెల్వ్ నవంబరులో మొదలుపెట్టాయి. ఒక కాలేజీ పదకొండు, పన్నెండు ఆటలు ఆడితే ఇంకోటి నాలుగైదుతో సరిపెట్టుకుంది. చిన్న కాలేజీల సంగతి ఇంకా దారుణం. చాలావాటికి ఆ ఏడాది ఆట వసంతానికి జరిగింది, లేదా అసలు లేదు.

ఇప్పుడు అన్న అడిగిన ప్రశ్న. ఏమైపోద్ది?

కొంతమందికి ఏమీ కాలేదు, నిజమే. జమార్ చేజ్ అనే రిసీవర్ 2020 సీజన్ మొత్తం ఆడనని పక్కకు తప్పుకున్నాడు. అయినా డ్రాఫ్ట్‌లో 5వ నంబరు. పెనే స్యూవెల్ కూడా ఆడలేదు, 7వ నంబరు. మైకా పార్సన్స్ ఆడలేదు, 12వ నంబరు. రషాన్ స్లేటర్ ఆడలేదు, 13వ నంబరు. వీళ్ళెవరూ తప్పుడు ఎంపికలు కాదు. లీగులోకి వచ్చిన మొదటి ఏడాదే చేజ్‌కు, పార్సన్స్‌కు ఉత్తమ కొత్త ఆటగాళ్ల అవార్డులు వచ్చాయి.

చూశారా, ఏడాది పోయినా టాలెంట్ బయటికొచ్చింది కదా అంటారేమో. ఆగండి. చేజ్ అంతకుముందు ఏడాది, 2019లో, లూసియానా స్టేట్ కాలేజీకి 20 టచ్‌డౌన్లు పట్టాడు, దేశంలో ఉత్తమ రిసీవర్ అవార్డు తీసుకున్నాడు. అంటే అతన్ని చూడాల్సినవాళ్ళు అప్పటికే చూసేశారు. ఒక్క ఆట ఆడకుండా ఇంట్లో కూర్చున్నా అతని 2019 వీడియోలు అతని తరఫున మాట్లాడాయి. ఆడకపోవడం వల్ల దెబ్బ తగిలే ప్రమాదం కూడా తప్పింది. అప్పటికే పేరున్నవాడికి పోయిన సీజన్ ఒక సెలవు లాంటిది.

పేరు లేనివాడి సంగతి? దీనికి అదే చేజ్‌కు బంతి విసిరిన జో బరోను చూడండి. 2018లో బరో మొత్తం సీజన్లో విసిరిన టచ్‌డౌన్ పాసులు 16. మామూలు ఆటగాడు. మొదటి రౌండులో పోతాడని ఎవరూ గట్టిగా అనుకోలేదు. 2019లో 60 విసిరాడు. హైస్మన్ ట్రోఫీ, కాలేజీ ఛాంపియన్‌షిప్, ఆ వెంటనే 2020 డ్రాఫ్ట్‌లో మొదటి నంబరు. కరోనా 2020 మార్చిలో కాకుండా 2019 ఆగస్టులో వచ్చి ఉంటే? బరో చేతిలో ఉన్న టాలెంట్ అదే. కానీ చూసేవాళ్ళకు 16 మాత్రమే కనిపించేది. 2020లో ఇలాంటి "ఈ ఏడాది నాది" అనుకున్న బరోలు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క చెప్పలేరు. వాళ్ళు రికార్డులో లేరు. టాలెంట్ ఉన్నోడు బయటికొస్తాడు అనే మాటలో ఉన్న మోసం ఇదే. బయటికొచ్చినవాళ్ళని చూసే ఆ మాట అంటాం. రానివాళ్ళు మన కళ్లకు కనిపించరు కాబట్టి లెక్కలోకి రారు.

ఎంచుకునేవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళకూ ఆ ఏడాది కళ్లకు గంతలు కట్టినట్టే అయింది. ప్రతి ఏడాది ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని పెట్టి, వందల మందిని ఒకే చోట పరిగెత్తించి, దూకించి, బరువులెత్తించి కొలుస్తారు. 2021లో ఆ కొలతలు అక్కడ జరగలేదు. ఎవరి కాలేజీలో వాళ్ళు చేసి చూపించాలన్నారు. ఆటగాళ్లని తమ దగ్గరికి పిలిపించుకుని మాట్లాడటం కూడా జట్లకు కుదరలేదు, అంతా వీడియో కాల్. పెద్ద కాలేజీ మైదానానికి అందరూ వస్తారు. చిన్న కాలేజీ మైదానానికి ఎవరొస్తారు?

ట్రే లాన్స్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. నార్త్ డకోటా స్టేట్ అనే కింది డివిజన్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్. 2019లో 28 టచ్‌డౌన్ పాసులు విసిరి ఒక్కటి కూడా ప్రత్యర్థి చేతికి ఇవ్వలేదు. 2020లో అతని కాలేజీ శరత్కాలంలో ఆడింది ఒకే ఒక్క ఆట, అక్టోబరు 3న. ఆ కాస్త చూసి శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు, తన 12వ నంబరుతో పాటు తర్వాతి రెండేళ్ల మొదటి రౌండు అవకాశాలు కూడా ఇచ్చేసి, 3వ నంబరుకు ఎక్కి అతన్ని తీసుకుంది. అతను ఆ జట్టుకు మొదటి నుంచి బరిలోకి దిగింది నాలుగే ఆటలు. చీలమండ విరిగింది. 2023లో నాలుగో రౌండు అవకాశం ఒకటి తీసుకుని డాలస్‌కు ఇచ్చేశారు. ఈలోపు అదే జట్టులో అతని చోటు తీసుకున్నది ఎవరు? బ్రాక్ పర్డీ. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ నంబరులో పిలిచిన కుర్రాడు.

దీనికి లాన్స్‌ను తప్పు పట్టలేం. దెబ్బ తగలడం అతని చేతిలో లేదు. కానీ ఒక కుర్రాడికి ఇంకో పదిహేను ఆటలు ఆడి నేర్చుకునే అవకాశం పోయింది, జట్టుకు ఇంకో పదిహేను ఆటలు చూసి తేల్చుకునే అవకాశం పోయింది. సీజన్ పోతే ఎంపిక ఊహ మీద నడుస్తుంది. ఊహ ఎప్పుడూ పేరు వైపు, పెద్ద కాలేజీ వైపు, లేకపోతే ఒక మెరుపు వైపు మొగ్గుతుంది. నిదానంగా ఎదిగేవాడి వైపు మొగ్గదు.

మాకు బాగా తగిలిన విషయం ఇంకోటుంది. మన గ్రూపులో దీన్ని తప్పకుండా చెప్పాలి.

అమెరికాలో నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్ళ కాలేజీల్లో చేర్చుకోని రోజుల్లో వాళ్ళ కోసం పుట్టిన కాలేజీలు ఉన్నాయి. ఇప్పటికీ వందకు పైగా నడుస్తున్నాయి. లీగు చరిత్రలోనే గొప్ప రిసీవర్ అని చెప్పే జెర్రీ రైస్ మిసిసిపి వ్యాలీ స్టేట్ అనే అలాంటి చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ నుంచి వచ్చాడు. 2020లో ఈ కాలేజీల ముఖ్యమైన కాన్ఫరెన్సులు రెండూ శరత్కాలం సీజన్ వాయిదా వేశాయి. కొన్ని కాలేజీలు వసంతంలో కొద్ది ఆటలు ఆడాయి, కొన్ని అసలు ఆడలేదు. 2021 డ్రాఫ్ట్‌లో 259 మందిని పిలిచారు. ఈ కాలేజీల నుంచి పిలిచింది ఎంతమందినో తెలుసా? సున్నా. ఒక్కరిని కూడా పిలవలేదు.

నిజం చెప్పాలంటే అంతకుముందు ఏడాది కూడా ఒక్కడే. కరోనా ఒక్కటే కారణం అని మేము అనట్లేదు. ముందు నుంచే ఆ తలుపు సందు సన్నగా ఉంది. సీజన్ పోయేసరికి ఆ సందు కూడా మూసుకుపోయింది. కష్టకాలం వచ్చినప్పుడు ముందు తెగేది సన్న దారమే కదా. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో న్యూ ఓర్లీన్స్‌లో ఈ కాలేజీల సీనియర్ ఆటగాళ్ల కోసమే లెగసీ బౌల్ అని ఒక ప్రదర్శన ఆట మొదలుపెట్టారు. స్కౌట్లు వచ్చి చూశారు. కాలేజీలు కూడా మళ్ళీ పూర్తి సీజన్ ఆడాయి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో నలుగురు ఎంపికయ్యారు. ఒక్క ఏడాదిలో ఆ కాలేజీల్లో టాలెంట్ కొత్తగా పుట్టుకు రాలేదు కదా! ఆడటానికి మైదానం, చూడటానికి కళ్లు తిరిగొచ్చాయి. అంతే.

ఇలాంటిదే ఇంకో కుర్రాడి కథ. క్విన్ మైనర్జ్. స్కాలర్‌షిప్ కూడా ఇవ్వని మూడో డివిజన్ కాలేజీలో లైన్‌మన్. అంటే ముందు వరుసలో నిలబడి ప్రత్యర్థిని ఆపేవాడు. 2020లో అతని సీజన్ మొత్తం రద్దు. సొంతంగా కసరత్తు చేసుకుంటూ కూర్చున్నాడు. 2021 జనవరిలో అలబామాలోని మొబైల్ పట్నంలో జరిగే సీనియర్ బౌల్‌కు పిలుపొచ్చింది. ఆ ఏడాది అలాంటి ప్రదర్శన ఆటలు కొన్ని రద్దయినా ఇది జరిపారు. ఆ వారం ప్రాక్టీసుల్లో పెద్ద కాలేజీల వాళ్ళని ఎదిరించి నిలబడ్డాడు. మూడో రౌండులో, 98వ నంబరులో డెన్వర్ తీసుకుంది. 2024 సీజన్లో లీగు మొత్తం మీద ఉత్తముల జట్టు, ఆల్ ప్రో మొదటి జట్టులో అతని పేరు ఉంది. ఆ ఒక్క వారం జరగకపోయి ఉంటే అతను ఎక్కడుండేవాడు?

ఎన్‌సీఏఏ చేసిన మంచి పని కూడా చెప్పాలి. 2020 శరత్కాలం ఆటగాళ్లకు ఆ ఏడాదిని లెక్కలో పట్టబోమని, కావాలంటే ఇంకో ఏడాది ఆడుకోవచ్చని ప్రకటించింది. పిట్స్‌బర్గ్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్ 2020లో 13 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. డ్రాఫ్ట్‌కు పోకుండా ఆ అదనపు ఏడాది వాడుకున్నాడు. 2021లో 42 విసిరాడు. 2022లో మొదటి రౌండు, 20వ నంబరు. గడియారాన్ని ఒక ఏడాది ఆపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? దాని వల్ల కింద స్కూళ్ల నుంచి వచ్చే పిల్లలకు కాలేజీ జట్లలో ఖాళీలు తగ్గాయన్నదీ నిజం. ఏ ఉపశమనానికైనా ఎవరో ఒకరు కొంత చెల్లించాల్సి వస్తుంది. అయినా ఆ నిర్ణయం సరైనదే అని మా అభిప్రాయం.

ఇదంతా ఎందుకు రాశామంటే, 2020 మార్చిలో మా ఆశ్రమ పాఠశాల మూసేసి ట్రంకు పెట్టెలతో ఇంటికి పంపినప్పుడు మేము తొమ్మిదిలో ఉన్నాం. మా కంటే ఒక తరగతి ముందున్న ఒక అన్న కబడ్డీలో రైడర్. అతను కూతకు వెళ్తే మేము అన్నం పళ్లెం వదిలేసి గ్రౌండుకు పరిగెత్తేవాళ్ళం. అండర్ 17కి అతనికి అదే చివరి ఏడాది. రాష్ట్రం దాకా వెళ్తాడని మా పీఈటీ సార్ రాసి పెట్టుకున్నారు. ఆ ఏడాది జోన్ మీట్ కూడా జరగలేదు. తర్వాతి ఏడాదికి వయసు దాటిపోయింది. అండర్ 19 ఆడాలంటే ఇంటర్‌లో చేరాలి. ఆట లేని చదువు నాకెందుకు అని అతను చేరలేదు. సెంట్రింగ్ పనికి వెళ్లాడు, ఇప్పటికీ అదే పని. మాకు పది పరీక్షలు లేకుండానే పాస్ ఇచ్చారు, ఇంటర్, డిగ్రీ అంటూ ఇంటి నుంచి మొదటివాళ్ళం ఇక్కడిదాకా వచ్చాం. చదువుకు ఆ ఏడాది ఏదో ఒక రకంగా సర్దుబాటు దొరికింది. అతని ఆటకు ఎవరూ సర్దుబాటు చేయలేదు. పోయిన సంక్రాంతికి ఊళ్ళో కనిపిస్తే పోలీసు రిక్రూట్‌మెంట్‌లో స్పోర్ట్స్ కోటా గురించి అడిగాడు. సర్టిఫికెట్ ఏదన్నా అని మేము అడగలేకపోయాం.

ఆ అన్నకు టాలెంట్ లేదని ఎవరైనా అనగలరా?

కోట్ల డాలర్ల లీగుకు, మన మట్టి గ్రౌండుకు పోలిక లేదు, ఒప్పుకుంటాం. కానీ సీజన్ పోయినప్పుడు దెబ్బ ఎవరికి తగులుతుంది అన్న లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటే. అందుకే మా అభిప్రాయం మూడు మాటల్లో చెప్తాం.

ఒకటి. కరోనా కావచ్చు, తుపాను కావచ్చు, నిధులు రాకపోవడం కావచ్చు, ఏ కారణంతో ఒక ఏడాది పోటీలు జరగకపోయినా ఆ ఏడాదిని పిల్లల వయసు లెక్కలోంచి తీసేయాలి. పికెట్‌కు ఇచ్చినట్టు ఇంకో ఏడాది ఇవ్వాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ఒక ఉత్తర్వు చాలు.

రెండు. మొత్తం సీజన్ నడపలేకపోతే కనీసం ఒక్క ఎంపిక వారం పెట్టాలి, అదీ జిల్లా కేంద్రంలో కాకుండా ఏజెన్సీలో పెట్టాలి. మైనర్జ్‌కు దొరికింది ఒక్క వారమే.

మూడు. ఇది మన చేతిలో ఉన్నది. సీజన్ లేనప్పుడు చేజ్ తరఫున మాట్లాడింది అతని పాత వీడియోలు. మన పిల్లలు ఆడిన ఆటలకు స్కోరు కాగితం కూడా మిగలడం లేదు. మండల స్థాయి ఆట అయినా సరే, తేదీ, స్కోరు, ఎవరెన్ని పాయింట్లు తెచ్చారో రాసి సార్‌తో సంతకం పెట్టించండి. ఫోన్ ఉన్నవాళ్ళు పది నిమిషాలు వీడియో తీయండి. మేము మా హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఇప్పటికి పదకొండు ఆటలు ఎక్కాయి.

చర్చలో ఆ మాట రాసిన అన్నకు మా మనవి. మీ మీద కోపం లేదన్నా. తమ్ముళ్లకు ధైర్యం చెప్పండి, మాకది కావాలి. కానీ టాలెంట్ ఉంటే అదే బయటికొస్తుందని మాత్రం చెప్పకండి. అలా చెప్తే, రాలేకపోయినవాడు తనకు టాలెంటే లేదేమో అనుకుంటాడు. సెంట్రింగ్ పనిలో ఉన్న మా అన్న ఇప్పటికే అలా అనుకుంటున్నాడు.

మీ హాస్టల్లో, మీ ఊళ్ళో ఆ ఏడాది ఆట ఆగిపోయినవాళ్ళు ఉంటే పేరు రాయక్కర్లేదు, ఏ ఆట, అప్పుడు ఎంత వయసు అన్నది కింద రాయండి. అందరివీ కలిపి వయసు సడలింపు కోసం ఒక అర్జీ రాద్దాం. రాసే బాధ్యత మేము తీసుకుంటాం.